జువాంగుల ‘హౌ’, మన ‘కూడు’

సందేహం: చైనాలోని జువాంగ్ భాషలో అన్నాన్ని రోమన్ లిపిలో హెచ్, ఏ, ఇ, యు, ఎక్స్ అక్షరాలతో రాస్తున్నారు. ‘హేయుక్స్’ అని పలకాలా? థాయిలో ‘ఖావ్’ అంటారు కాబట్టి మన ‘కూడు’ అక్కడిదేనని ఒక మిత్రుడి వాదన. నిజమేనా?

సమాధానం: ‘హౌ’ అనాలి. చివరి ఎక్స్ హల్లు కాదు, గొంతు దించి పలకమనే స్వరచిహ్నం. 1957 నాటి లిపిలో స్వరాలకు వేరే గుర్తులుండేవి. 1982లో వాటిని తీసేసి మామూలు రోమన్ అక్షరాలు పెట్టారు.

ఈ మాట చైనీయుల నుంచి తెచ్చుకున్నది కాదు. దక్షిణ చైనాలోని గ్వాంగ్‌షీ ప్రాంతపు జువాంగులది తాయ్ కుటుంబపు భాష. థాయి, లావో ‘ఖావ్’, మన అరుణాచల్ ఖామ్తీల ‘ఖావ్’ దీని తోబుట్టువులు. ఈ కుటుంబంలో భోజనం చేయడమంటే ‘ఖావ్’ తినడమే. జువాంగులూ ‘హౌ’ తింటారు. దంచిన బియ్యం వాళ్లకు ‘హౌసాన్’, థాయిలకు ‘ఖావ్‌సాన్’. బాంకాక్‌లో పర్యాటకులు కిక్కిరిసే ఖావ్‌సాన్ వీధి పేరు ఇదే. వడ్లు ‘హౌకోక్’. అమెరికా ఖండం నుంచి వచ్చిన మొక్కజొన్ననూ ‘హౌయాంగ్’ అంటూ ‘హౌ’లోనే కలిపేసుకున్నారు, మనం దాన్ని జొన్నల్లో కలుపుకున్నట్టే. ఇక పొలం ‘నా’. గ్వాంగ్‌షీ ఊర్ల పేర్ల మొదట తరచూ కనిపించే ‘నా’ అదే.

కూడు సంగతి వేరు. తమిళంలో ‘కూழ்’ అనే మాట ఉంది, అర్థం అంబలి. ఇందులోని ழ నాలుక మడిచి పలికే, ‘ళ’ లాంటి తమిళ అక్షరం. తమిళంలో ழ ఉన్నచోట తెలుగులో ‘డ’ రావడం మామూలే: వాళ్ల ‘ఏழு’ మన ఏడు, వాళ్ల ‘కోழி’ మన కోడి. ఆ లెక్కన కూడులోని ‘డు’ పైన తగిలించిన ప్రత్యయం కాదు, ధాతువులో భాగమే. దాన్ని కోసేసి మిగిలిన ‘కూ’ను ‘ఖావ్’ పక్కన నిలబెట్టడం శాస్త్రం కాదు. ఒక్క అక్షరం కలిసిందని చుట్టరికం కలిపేయడం ఈమధ్య మరీ ఎక్కువైంది.

‘కూటికోసం కోటి విద్యలు’ అన్న జాతి మనది. ఇవాళ ‘కూడు’ అంటే తిట్టనుకుంటున్నారు, వడ్లూ బియ్యమూ అన్నమూ అన్నిటికీ ‘రైస్’ అనేస్తున్నారు. ఇది నాకు బొత్తిగా నచ్చదు. ‘హౌకోక్’, ‘హౌసాన్’ అని విడదీసి చెప్పుకునే జువాంగులకున్న పట్టింపు మనకెందుకు ఉండకూడదు?

తాయ్ పదానికి ఆగ్నేయాసియాలోని ఇతర కుటుంబాల మాటలతో పాత సంబంధం ఉందా అన్నదానిపై పండితుల్లో ఏకాభిప్రాయం లేదు. కూడుతో మాత్రం, ఇప్పుడున్న ఆధారాలను బట్టి, సంబంధం కనబడదు.