టెక్ సందేహాలు: పేస్ట్ మార్చాక కార్డు ఇంకా కాలుతోందా?

ప్ర: సెకండ్ హ్యాండ్‌లో కొన్న పాత గ్రాఫిక్స్ కార్డు నాది. గేమ్ ఆడుతుంటే 82 డిగ్రీలు, హాట్‌స్పాట్ (చిప్‌లో అన్నిటికన్నా వేడిగా ఉన్న చోటు) 97 చూపించేది. వీడియో చూసి, చిప్‌ల వేడిని పైనున్న లోహపు హీట్‌సింక్‌కి చేరవేసే పేస్టూ ప్యాడ్లూ మార్చాను. ఇప్పుడు 84, హాట్‌స్పాట్ 110! పేస్ట్ నకిలీది అంటగట్టారా? ఇంకో సంగతి: ఫ్యాన్ స్పీడ్ పెంచే సాఫ్ట్‌వేర్ వేస్తే విండోస్ యాంటీవైరస్ డిఫెండర్ ప్రమాదం అంటోంది. దాన్ని తనిఖీ చేయొద్దని ఎక్స్‌క్లూజన్‌లో పెట్టేశాను. పర్వాలేదా?
– విజయవాడ నుంచి ఒక ఇంజినీరింగ్ విద్యార్థి

జ: ఎండలు మొదలయ్యాయంటే నాకు ఇదే ఉత్తరం. ఊరు మారుతుంది, కార్డు మారుతుంది, తిట్లు మాత్రం ఎప్పుడూ పేస్ట్‌కే. పాపం, దాని తప్పేం లేదు.

మీరు రాసిన అంకెల్లోనే జవాబుంది. మామూలు అంకెకీ హాట్‌స్పాట్‌కీ మధ్య తేడా అప్పుడు 15, ఇప్పుడు 26. గది వేడెక్కినా, ఫ్యాన్‌కి దుమ్ము పట్టినా రెండు అంకెలూ కలిసి పైకి పోతాయి. తేడా ఇంతలా పెరిగిందంటే హీట్‌సింక్ చిప్ మీద సమంగా ఆనడం లేదు. మీరేం చేశారో ఊహించనా? 2 మి.మీ. షీటు ఒకటి కొని, ముక్కలు కోసి, మెమరీ చిప్‌లకూ పవర్ భాగాలకూ అన్నిటికీ అదే అంటించారు.

వాటి ఎత్తులు ఒకటి కాదు బాబూ. ఒకే కార్డులో ఒకచోట 1 మి.మీ., ఇంకోచోట 1.5, మరోచోట 2 ఉండటం మామూలే. అర మిల్లీమీటరు ఎక్కువైతే చాలు, హీట్‌సింక్ బరువంతా ప్యాడ్ల మీద నిలబడి అసలు చిప్‌కి, అంటే జీపీయూకి, ఎడమైపోతుంది. ఆ ఖాళీని పేస్ట్ పూడ్చేస్తుందనుకోవద్దు. చిప్‌కీ హీట్‌సింక్‌కీ మధ్య కంటికి కనపడని గరుకులో చిక్కుకున్న గాలిని తోసేయడమే దాని పని. వేడిని మోసే శక్తి (వాహకత్వం) రాగికి సుమారు 400 ఉంటే, మంచి పేస్ట్‌కి 10 అటూ ఇటూ, గాలికి 0.026. పేస్ట్ గాలికన్నా ఎంతో మెరుగు, రాగి ముందు దిగదుడుపే. అందుకే పొర పలచగా ఉండాలి.

'పాత ప్యాడ్ కొలిచే కొన్నానండీ' అంటారు కొందరు. అది ఏళ్ల తరబడి నలిగి నలిగి పలచబడిన ప్యాడ్. హీట్‌సింక్ నొక్కని అంచు దగ్గర వెర్నియర్ కాలిపర్‌తో కొలవండి. కొత్తవి పెట్టి బిగించాక, స్విచ్ వేయకుండా మళ్లీ విప్పి చూడండి. ప్రతి ప్యాడ్ మీదా చిప్ ముద్ర పడి ఉండాలి, జీపీయూ మీద పేస్ట్ నాలుగు మూలలా పలచగా పరుచుకుని ఉండాలి. మధ్యలో ముద్దగా మిగిలిందా, ప్యాడ్లు మందం. రెండుసార్లు విప్పడం విసుగే. విప్పేటప్పుడు ఫ్యాన్ వైర్లు జాగ్రత్త, నా మొదటి కార్డుకి వాటిని తెంపింది నేనే.

డబ్బా మీద 12, 15 అని పెద్ద అక్షరాల్లో వేసే వాహకత్వం అంకె చూసి మురిసిపోకండి. ఆ అంకె పెరిగేకొద్దీ చాలా ప్యాడ్లు గట్టిపడతాయి. గట్టి ప్యాడ్ నలగదు, నలగని ప్యాడ్ హీట్‌సింక్‌ని దిగనివ్వదు. నన్నడిగితే మెత్తగా ఉండే 6 చాలు. మందం ఎంతో తేలకపోతే థర్మల్ పుట్టీ వాడండి. గోడకు పెట్టే లప్పంలాగే ఎక్కడ ఎంత సందు ఉంటే అంత నిండి, మిగిలింది పక్కకు పొంగుతుంది.

ప్రాసెసర్‌కి చెప్పే 'బఠాణీ గింజంత పేస్ట్' సలహా ఇక్కడికి తేకండి. జీపీయూ చిప్‌కి పైన మూత ఉండదు, ఒక్క మూల ఎండిపోయినా హాట్‌స్పాట్ అక్కడే పుడుతుంది. కారం దోశకి కారం రాసినట్టు అంచుదాకా రాయాలి. ఏడాదికోసారి ఈ తంటా వద్దనుకుంటే ఫేజ్ ఛేంజ్ షీటు ఉంది. 45 డిగ్రీల దగ్గర మెత్తబడి సర్దుకుంటుంది, పేస్ట్‌లాగా త్వరగా అంచులకు జారిపోదు.

అసలు ఈ మందాలు కార్డుతో పాటు ఒక చీటీ మీద రాసిస్తే తయారీదారుల సొమ్మేం పోయింది? స్క్రూ మీద వారంటీ స్టిక్కర్ అంటించడానికి ఉన్న శ్రద్ధ ఇక్కడ ఉండదు. కొత్త కార్డులు కొన్నింటిలో హాట్‌స్పాట్ అంకెనే సాఫ్ట్‌వేర్‌కి కనపడకుండా చేశారు. థర్మామీటర్ దాచేస్తే జ్వరం తగ్గుతుందా?

సరే, ఇక ఎక్స్‌క్లూజన్ సంగతి. మీ హాట్‌స్పాట్ 110 కన్నా నన్ను భయపెట్టింది ఇదే. కార్డు మరీ వేడెక్కితే వేగం తగ్గించుకుంటుంది, అదీ చాలకపోతే ఆగిపోతుంది. మీ పాస్‌వర్డ్‌లకు అలాంటి కాపలా లేదు.

ఫ్యాన్ తిప్పాలన్నా, సెన్సర్ చదవాలన్నా ఈ సాఫ్ట్‌వేర్లకు విండోస్ లోతుల్లో పనిచేసే డ్రైవర్ కావాలి. చాలామంది ఏళ్లుగా విన్‌రింగ్‌0 అనే పాత డ్రైవర్‌నే వాడుకున్నారు. అది వైరస్ కాదు, గడియ లేని దొడ్డిగుమ్మం. దానిలోని లోపం 2020లోనే బయటపడింది. 2025 మార్చిలో డిఫెండర్ దాన్ని పట్టుకోవడం మొదలుపెట్టగానే 'ఉత్త హెచ్చరికే, వదిలేయండి' అని సలహాలు పుట్టుకొచ్చాయి. ఉత్తదేం కాదు. 2022లో ఫైళ్లకు తాళం వేసి డబ్బు గుంజే బ్లాక్‌బైట్ రాన్సమ్‌వేర్ ముఠా, ఇలాంటిదే అయిన ఆర్‌టీకోర్64 అనే ఓవర్‌క్లాకింగ్ (కార్డు వేగం పెంచే) డ్రైవర్‌ని తామే కంప్యూటర్లలోకి తెచ్చి పెట్టి, దాని లోపంతో భద్రతా సాఫ్ట్‌వేర్ నోరు నొక్కింది. అదే ఏడాది చివర్లో ఒక పేరున్న ఓవర్‌క్లాకింగ్ టూల్‌కి నకిలీ డౌన్‌లోడ్ పేజీలు వెలిశాయి. ఇన్‌స్టాలర్‌తో పాటు మన ప్రాసెసర్‌తో మోనెరో అనే క్రిప్టో నాణేలు తవ్వుకునే మైనర్, పాస్‌వర్డ్‌లు ఎత్తుకెళ్లే రెడ్‌లైన్ వచ్చి కూర్చునేవి. వేడి తగ్గిద్దామని దించుకుంటే ప్రాసెసర్‌ని మరగబెట్టే సరుకు!

ఎక్స్‌క్లూజన్ ఈరోజే తీసేయండి. పైగా మీరు ఫోల్డర్ మొత్తాన్ని మినహాయించి ఉంటారు, అందులో రేపు ఏం చేరినా డిఫెండర్ అడగదు. ఆ సాఫ్ట్‌వేర్‌కి డ్రైవర్ మార్చిన కొత్త వెర్షన్ ఉంటే రాసినవాళ్ల సొంత సైట్ నుంచే, సెర్చ్‌లో పైన వచ్చే ప్రకటన నొక్కకుండా, దించుకోండి. లేకపోతే వదిలేయండి. ప్యాడ్లు సరిచేస్తే ఆ ఫ్యాన్ అంత మోత మోగాల్సిన పని ఉండదు.

ఈసారి రాసేటప్పుడు గది ఉష్ణోగ్రత కూడా రాయండి. ఏసీ గదిలో 82 వేరు, మే నెల విజయవాడలో మేడ మీది గదిలో 82 వేరు.