గొడ్డలి కామ మాటిమాటికీ వదులవుతోంది, టేకు వేయించమంటారా?

దేవరకొండ దిక్కు నుంచి వచ్చిన ఈ ప్రశ్నలో అసలు సంగతి చివరన ఉంది. "రాత్రంతా నీళ్ళ బకెట్లో ముంచి పెడితే బిగుస్తుంది, నాలుగు రోజులకు మళ్ళీ తల ఊగుతుంది" అని రాశారు. తుమ్మ కామ తీసేసి టేకు వేస్తే పీడ వదులుతుందా అని అడుగుతున్నారు.

టేకు వద్దు. తలుపులకు, మంచాలకు దాన్ని మించింది లేదు గానీ, దెబ్బను ఓర్చుకునే గుణం దానికి తక్కువ. గట్టి దెబ్బ పడితే పుటుక్కున విరుగుతుంది. అయినా మీ తుమ్మ చేసిన నేరమేమీ లేదు. నేరమంతా ఆ బకెట్‌ది.

కట్టె నీళ్ళు తాగితే ఉబ్బుతుంది. చుట్టూ ఇనుము ఉంది కాబట్టి ఉబ్బే చోటు లేక పోగులు నలిగిపోతాయి. నలిగిన పోగు ఆరాక పాత లావుకు రాదు, ముందుకంటే సన్నబడుతుంది. అంటే నానబెట్టిన ప్రతిసారీ కామను మీ చేత్తో మీరే అరగదీసుకుంటున్నట్టు. లోపల తుప్పు పట్టడం అదనం. ఎండకాలం మన దగ్గర 44, 45 డిగ్రీలు కాసినప్పుడు ఆ తడి ఎన్నాళ్ళుంటుంది? అయినా ఊరూరా ఎవరో ఒక పెద్దమనిషి "నానబెట్టు, అదే బిగుస్తది" అంటాడు, అందరూ తలూపుతారు.

ఇక మొదటిసారి వదులవడానికి చాలావరకు కారణం పచ్చి కట్టె. వానాకాలంలో కొట్టిన కొమ్మను వారం తిరక్కుండానే చెక్కి బిగిస్తారు. అది శివరాత్రి నాటికి కుంచించుకుపోయి, తల ఊడి వస్తుంది. అప్పుడు కట్టెను తిడతారు.

మన దిక్కు నల్లతుమ్మ చేవ, అంటే లోపలి గట్టి కట్టె, చాలు. బండి చక్రాల బరువు మోసిన కట్టె, గొడ్డలి దెబ్బ ఓర్చుకోలేదా? తిరుమాను ఇంకా మేలే, కానీ అది అడవి చెట్టు. దాని కోసం అమ్రాబాద్ టైగర్ రిజర్వ్‌లోకి పోతే కామ మాట దేవుడెరుగు, ఉన్న గొడ్డలి కూడా తిరిగి రాదు. నీలగిరి కట్టె నార, అంటే పోగుల వరస, మెలితిరిగి ఉంటుంది, నిలువునా చీలుతుంది.

5, 6 అంగుళాల అడ్డం ఉన్న తుమ్మ దుంగ తీసుకోండి. రంపంతో కోయకుండా చీలలు కొట్టి నాలుగు ముక్కలుగా చీల్చండి. రంపం నారను పట్టించుకోకుండా అడ్డంగా పోతుంది, చీలిక మాత్రం నార వెంబడే నడుస్తుంది. నడుమ ఉన్న బెండు, పైన ఉన్న తెల్లకట్టె రెండూ తీసేయాలి. బెండు ఉంటే ఆరేటప్పుడు పగులు వస్తుంది. తెల్లకట్టెను పురుగు పిండి చేస్తుంది. రెండు చివరలకూ పాత పెయింటు పూసి, నీడలో గాలాడే చోట మూడు నాలుగు నెలలు పెట్టండి. ఎండలో పెడితే చివరలు నెర్రెలు వారతాయి. ఆరిందో లేదో తెలియాలంటే వారానికోసారి కిరాణా కాంటా మీద తూచండి. వరుసగా రెండు వారాలు బరువు తగ్గలేదంటే ఆరినట్టే.

అంత ఓపిక లేదనుకుంటే షాపులో కొనాల్సిందే, అక్కడ మరో తలనొప్పి. కామలన్నిటికీ పసుపు రంగో ఎరుపు రంగో దట్టంగా పూసి పెడతారు. రంగు కింద ముడి ఉందో, నార నాలుగు అంగుళాలకే పక్కకు దిగిపోతోందో కనబడదు. గోకి చూస్తానంటే షాపు అతను ఊరుకోడు. రంగు లేనిది ఇమ్మని అడగండి, లేదంటే లేచి రండి.

పాత కామ తీయడానికి గొడ్డలిని పొయ్యిలో పెట్టకండి. 200 డిగ్రీలు దాటిందంటే పదును నిలిపే గుణం తగ్గడం మొదలవుతుంది. వాదర నీలం రంగు తిరిగిందంటే 300 దగ్గరికి పోయినట్టు. ఆ తర్వాత ఎంత నూరినా పదును నిలవదు, కమ్మరి కొలిమిలో మళ్ళీ నీళ్ళు పట్టించుకోవాల్సిందే. కామను తలకు సరిగ్గా కిందే రంపంతో కోసేయండి. లోపల మిగిలిన కట్టెకు డ్రిల్లుతో నాలుగైదు బెజ్జాలు వేసి, మొద్దు ఇనుప కడ్డీతో కింది నుంచి పైన వెడల్పు వైపుకు కొట్టండి.

వెడల్పు వైపు అంటున్నానంటే, తలలో కామ దూరే కన్నం రెండు రకాలు. కంపెనీ గొడ్డలికి కన్నం నడుమ సన్నంగా, రెండు చివరలా వెడల్పుగా ఉంటుంది. కామ కింది నుంచి పోయి, పైన గాటులో దిగ్గొట్టే కట్టె చీలతో బిగుస్తుంది. కమ్మరి చేసిన నాటు గొడ్డళ్ళలో చాలావాటికి, పికాసుకు పైవైపే వెడల్పు. కామను పై నుంచి దింపితే లావు కొస దగ్గర తల ఆగుతుంది, విసిరేకొద్దీ బిగుస్తుంది, చీల అక్కర్లేదు. ఇది చూడకుండా చెక్కితే పనంతా దండగ.

ఇక బిగింపు. మీది చీల రకం అనుకుందాం. కన్నం అంచులు చేతికి గీసుకునేలా ఉంటే గుండ్రటి ఆకురాయితో నున్నగా చేయండి, లేకుంటే ఆ అంచే పోగులను కోస్తుంది. లోపల దీపం మసి నూనెలో కలిపి పూయండి. కామ కొసను దూర్చి, బయటికి లాగి చూస్తే ఒరుసుకున్న చోట నల్లగా అంటుకుని ఉంటుంది. ఆ నల్లటి చోటే చెక్కండి, మిగతాది ముట్టుకోకండి. మళ్ళీ దూర్చండి, మళ్ళీ చూడండి. విసుగు పుట్టించే పనే, కానీ కామ బలమంతా ఇక్కడే. సగం పైన దిగాక తలను నేల మీద పెట్టి బాదకండి. కామను నిలువుగా, తల కిందికి ఉండేలా ఒక చేత్తో గాల్లో పట్టుకోండి. పైకి వచ్చిన కామ అడుగును కొయ్య సుత్తితో కొట్టండి. తల బరువుకు అది ఉన్నచోటే ఉంటుంది, కామ దానిలోకి దిగుతుంది. మొదట డొల్లగా వినబడే చప్పుడు, పూర్తిగా కూర్చున్నాక గట్టిగా, పొట్టిగా మారుతుంది. ఆ తర్వాత ఇంకా కొడితే కామ భుజం దగ్గర, అంటే తల కింద ఆనే చోట, కట్టె పొరలుగా లేస్తుంది.

కన్నం పైన అర సెంటీమీటరు కట్టె మిగిలి ఉండాలి. చీల కోసం కామ కొసన వేసే రంపపు గాటు కన్నం లోతులో మూడింట రెండు వంతులు చాలు. బిగించే ముందే కోసుకోవాలి. చీల కూడా ఎండిన కట్టెదే, కన్నం పొడవంతా నిండేంత వెడల్పు, పై అంచు 6 నుంచి 8 మిల్లీమీటర్ల మందం. మేకులు మాత్రం కొట్టకండి. మేకు ఒక్కచోటే తోస్తుంది, పగులు కన్నం దాటి కిందికి పాకుతుంది. మూడు మేకులు, రెండు సైకిల్ పుల్లలు దిగేసిన గొడ్డళ్ళు మన ఊళ్ళలో కోకొల్లలు. వాటి ముందు మనిషి నిలబడకపోతే మంచిది.

రాయి కొట్టే సమ్మెట లెక్క వేరు. 5 కిలోల సమ్మెటకు 3 అడుగుల కామ కావాలి, అది కాస్త ఊగాలి. అందుకే వడ్డెరోళ్ళు సన్నటి, సాగే కట్టె గానీ గట్టి వెదురు గానీ వేస్తారు, దెబ్బ అదురు మోచేతికి రాదు. ఇప్పుడు దానికి కూడా ఇనుప పైపు వెల్డింగ్ చేయించేస్తున్నారు. విరగదు, నిజమే. అదురంతా మణికట్టుకు చేరుతుంది, వెల్డింగ్ వేడికి తల గట్టిదనం పోతుంది, ఓ రోజు అతుకు దగ్గరే తెగుతుంది.

మళ్ళీ గొడ్డలికి వస్తే, తల కింద నాలుగు అంగుళాల మేర సైకిల్ ట్యూబు బిగించి చుట్టండి, గురి తప్పిన దెబ్బ దానికి తగులుతుంది. వార్నిష్ వద్దు, చేతికి బొబ్బలొస్తాయి. పైన కనబడే కట్టె కొసకు ఆముదం పట్టించండి, మన పాలమూరు, నల్గొండ చేలల్లో పండేదే కదా. పట్టుకునే చోటికి మాత్రం ఆముదం పనికిరాదు, అది ఆరదు, చెయ్యి జారుతుంది. అక్కడ అవిసె నూనె పలచగా రుద్ది, అరగంట తర్వాత తుడిచేయండి. తుడిచిన గుడ్డను ముద్ద చేసి మూలన పడేయకండి. అవిసె నూనె గుడ్డ తనంతట తానే వేడెక్కి అంటుకుంటుంది, ఆరుబయట పరిచి ఆరేయండి.