గడపకి వేపమండ, పిల్లాడికి సిరప్పు

ప్రశ్న: మా ఎనిమిదేళ్ల బాబుకి అమ్మవారు (ఆటలమ్మ) పోసి ఇది రెండో రోజు. జ్వరం ఉంది. అమ్మవారు ఇంట్లో ఉండగా మందు వేస్తే ఆవిడకి కోపం వస్తుందని మా అత్తగారు వేయనివ్వడం లేదు. ఒళ్లంతా పసుపు, వేపాకు ముద్ద రాశారు. ఏడో రోజు దాకా స్నానం కూడా లేదట. మా ఊరి అమ్మవారు ఠాకురాణి అంటే నాకూ గురే. ఏం చెయ్యమంటారు? ఇంట్లో మా ఆడపడుచు ఐదో నెల గర్భిణి.
– ఒక గృహిణి, బరంపురం

జవాబు: బాబు కంటే ముందు మీ ఆడపడుచు సంగతి చూడాలి. ఆమెకి చిన్నప్పుడు ఆటలమ్మ పోసి ఉంటే సాధారణంగా భయం లేదు. గుర్తు లేదంటే ఇవాళే ఆమె డాక్టరుకి చెప్పి, ఒంట్లో రక్షణ ఉందో లేదో తెలిపే యాంటీబాడీల రక్తపరీక్ష చేయించండి. పొక్కులు కనపడటానికి ఒకటి రెండు రోజుల ముందు నుంచే ఈ వైరస్ అంటుకుంటుంది, కాబట్టి ఇప్పుడు అత్తింటికి పంపేసినంత మాత్రాన పరీక్ష తప్పదు. గర్భిణికి ఆటలమ్మ టీకా వేయరు. అవసరమైతే ఇమ్యునోగ్లోబులిన్ (తయారుగా ఉన్న యాంటీబాడీల ఇంజెక్షన్) ఇస్తారు, అదీ అంటుకున్న 10 రోజుల్లోపే.

ఇక అత్తగారి ఆచారాలు. చాలావాటితో వైద్యానికి పేచీ లేదు. గడపకి వేపమండ కట్టి పరాయివాళ్లని రానివ్వకపోవడం ఆస్పత్రివాళ్లు చెప్పే జాగ్రత్తే. పొక్కులన్నీ చెక్కు కట్టేదాకా, అంటే సుమారు 5 నుంచి 7 రోజులు, దాన్ని గట్టిగా పాటించండి. అమ్మవారిని చూసిపోదామని కొబ్బరికాయ పట్టుకొచ్చే చుట్టాలతోనే ఆ కట్టుబాటు చెడుతుంది. కడిగిన వేపాకు పక్క మీద పరచినా నష్టం లేదు. పెరుగన్నం, కొబ్బరినీళ్లు మంచివే. ఉప్పు మానిపించక్కర్లేదు.

ఆపాల్సినవి మూడు. చితికిన పొక్కు మీద వేపముద్ద రాయకండి. రోటి మురికి, చేతి మురికి లోపలికి పోయి చీము పడుతుంది, మచ్చలు మిగిలేది ఎక్కువగా అలాంటి చోటే. ఏడు రోజులు స్నానం ఆపినా ఇదే జరుగుతుంది. రోజూ గోరువెచ్చని నీళ్లు పోసి, రుద్దకుండా మెత్తటి గుడ్డతో అద్దండి, గోళ్లు కత్తిరించండి. మూడోది అన్నిటికంటే ప్రమాదం: వేపనూనె తాగించడం. పసిపిల్లల్లో దానివల్ల మూర్ఛలు, కాలేయం, మెదడు దెబ్బతినడం జరిగాయి.

జ్వరానికి పారాసెటమాల్ ఒక్కటే. కిలో బరువుకి ఒక మోతాదు 10–15 మిల్లీగ్రాములు, కనీసం ఆరు గంటల ఎడం. బాబు 22 కిలోలుంటే, 5 మిల్లీలీటర్లలో 250 మిల్లీగ్రాములున్న సిరప్పు 5 మిల్లీలీటర్లు సరిపోతుంది. అదే సిరప్పు సగం బలంలోనూ అమ్ముతారు. సీసా మీది అంకె చూసి, వంటింటి చెంచాతో కాకుండా కొలత మూతతో పోయండి. ఆస్పిరిన్ వద్దు, అది మెదడునీ కాలేయాన్నీ దెబ్బతీసే రేయ్ సిండ్రోమ్‌కి దారి తీయొచ్చు. ఐబుప్రొఫెన్ కూడా వద్దు. ఆరోగ్యంగా ఉన్న ఈ వయసు పిల్లాడికి వైరస్ మందు ఎసైక్లోవిర్ చాలావరకు అవసరం రాదు. ఇంట్లో పెద్దవాళ్లకి పోస్తే మాత్రం మొదటి 24 గంటల్లో మొదలుపెడితేనే బాగా పనిచేస్తుంది. ఆయాసం, మగత, మెడ బిగుసుకోవడం, ఆగని వాంతులు, తగ్గిన జ్వరం మళ్లీ రావడం, పొక్కు చుట్టూ ఎర్రగా వేడిగా వాపు: వీటిలో ఏది కనపడినా ముహూర్తం చూడకుండా ఆస్పత్రికి వెళ్లాలి.

అత్తగారితో వాదన పెట్టుకోకండి. ఆవిడ జబ్బ మీద చిన్నప్పటి టీకా మచ్చ ఉండే ఉంటుంది. పెద్దమ్మవారిని, అంటే మశూచిని, ఆ టీకాయే సాగనంపింది. మన దేశంలో చివరి కేసు 1975లో. ప్రపంచంలోనే లేదని 1980లో ప్రకటించారు. బరంపురంలో ఠాకురాణి యాత్ర మాత్రం రెండేళ్లకోసారి జరుగుతూనే ఉంది. టీకాకి అలగని తల్లి సిరప్పుకి అలుగుతుందా అని అడగండి. దీపం పెట్టాక మందు తాగించే పని ఆవిడకే అప్పజెప్పండి, వేళ తప్పదు.

ప్రశ్న: ప్రాణహిత పుష్కరాల్లో సంకల్పం చెప్పించినప్పుడు కల్పం, మన్వంతరం విన్నాం. పక్కనే వడధం పార్కులో డైనోసార్ ఎముకలు కోట్ల ఏళ్లనాటివంటారు. మా అమ్మాయి ఏది నిజమని అడుగుతోంది.
– ఒక పాఠకుడు, సిరోంచ

జవాబు: సంకల్పం, పూజ చేసే మనిషి కాలంలో, చోటులో ఎక్కడ నిలబడ్డాడో చెప్పుకునేది. రాయి వయసు కట్టడం దాని పని కాదు. కల్పం 432 కోట్ల ఏళ్లు, భూమి వయసు సుమారు 454 కోట్లు, చూశారా దగ్గరగా ఉన్నాయి అనేవాళ్లు తగులుతారు. అది కాకతాళీయం. దాన్ని రుజువుగా పట్టుకుంటే అటు భక్తికీ ఇటు సైన్సుకీ చెరుపే.

ఆ ఎముకల వయసు కార్బన్ పరీక్షతో తేల్చారని అమ్మాయికి చెప్పకండి. ఎముకలో ఉండే కార్బన్-14 సగం తరగడానికి 5,730 ఏళ్లు, సుమారు 50 వేల ఏళ్లు దాటితే కొలవడానికి ఏమీ మిగలదు. జురాసిక్ నాటి పొరలకి వేరే దారి ఉంది: అదే పొరలోని చేపలు, మొక్కల శిలాజాలని, వయసు తెలిసిన మరోచోటి పొరలతో పోలుస్తారు. ఆ తెలిసిన వయసులు అగ్నిపర్వతాల బూడిదలో యురేనియం ఎంత సీసంగా మారిందో కొలిచి కట్టినవి. అందుకే పార్కు చుట్టుపక్కల ముక్క దొరికితే జేబులో వేసుకోనివ్వకండి. ఏ పొరలోదో తెలియకపోతే ఆ ముక్క వయసు ఎవరూ కట్టలేరు.