టైటిల్ బ్యానర్‌లో తెలుగు అక్షరాలు విరగకుండా, చిన్న సైజులోనూ చదివేలా చేయడం ఎలా?

మీ ఫ్యాన్ ఫిక్షన్ (నచ్చిన కథలోని పాత్రలతో అభిమానులు రాసే కథ) సిరీస్‌కి కవర్, బ్యానర్ మీరే చేసుకుంటున్నారు. పెద్దగా చూస్తే బాగుంది, కథల జాబితాలో మాత్రం పేరు చదవలేకపోతున్నారు. వత్తులు విడిపోతున్నాయి, అవుట్‌లైన్ పెడితే అక్షరాల లోపల గీతలు వస్తున్నాయి అన్నారు. చివరి రెండూ సాఫ్ట్‌వేర్ తంటాలు, పది నిమిషాల్లో తీరిపోతాయి. మొదటిది మాత్రం పని చేసే వరుసలో ఉన్న లోపం. నచ్చిన బొమ్మ ముందు పెట్టుకుని, ఖాళీ మిగిలిన చోట పేరు ఇరికిస్తే ఎప్పుడూ అలాగే అవుతుంది. పేరుతో మొదలుపెట్టండి, బొమ్మ తర్వాత.

ఖాళీ తెల్ల కాన్వాస్ మీద మీ కథ పేరు నలుపులో నాలుగైదు ఫాంట్లలో టైప్ చేయండి. ఫాంటు నమూనాలో కనిపించే వాక్యం చూసి నిర్ణయించుకోవద్దు, మీ పేరే పెట్టి చూడండి. ఉదాహరణకి పేరు ‘జ్యోత్స్న తిరిగొచ్చింది’ అనుకుందాం. ‘త్స్న’లో ఒకే అక్షరానికి రెండు వత్తులున్నాయి. కొన్ని ఫాంట్లలో అవి ఒకదాని కింద ఒకటి దిగి లోతుగా పోతాయి, కొన్నింటిలో పక్కపక్కన సర్దుకుంటాయి. ‘చ్చిం’లో పైన గుడి, కింద వత్తు, పక్కన సున్నా. ఇలాంటి పేరుకి ఇంగ్లిష్‌లో సరిపోయే 1.2 లైన్ స్పేసింగ్ చాలదు. రెండు లైన్లలో రాస్తే 1.5తో మొదలుపెట్టి, పై లైను వత్తు కింది లైను గుడిని తాకకుండా చూసుకుంటూ సర్దండి. కొన్నిసార్లు ఇంకో మాట దగ్గర లైను విరిస్తే చాలు, స్పేసింగ్ ముట్టుకునే పనే ఉండదు.

ఫాంట్ల సంగతి. గూగుల్ ఫాంట్స్‌లో ఉన్న తెలుగు ఫాంట్లలో రామభద్ర, బలూ తమ్ముడు మందంగా ఉంటాయి, టైటిల్‌కి నిలబడతాయి. పేరు పొడవుగా ఉంటే నేను అనేక్ తెలుగు వైపు వెళ్తాను. అందులో మందమే కాదు, వెడల్పు కూడా మార్చుకోవచ్చు కాబట్టి సన్నటి వెడల్పు ఎంచుకుంటే పొడవాటి పేరు ఒక లైనులో పడుతుంది. మామూలు ఫాంటుని పక్కల నుంచి నొక్కి ఇరికిస్తే నిలువు గీతలు సన్నబడి అక్షరం రూపమే చెడిపోతుంది. రచయిత పేరుకి, భాగం సంఖ్యకి మండలి లాంటి సాదా ఫాంటు చాలు. ఒక బ్యానర్‌లో రెండు ఫాంట్లు దాటకండి. ఇవన్నీ ఓపెన్ ఫాంట్ లైసెన్స్ ఉన్నవి, బ్యానర్‌లో వాడుకోవడానికి ఎవరినీ అడగక్కర్లేదు. వేరే చోట నుంచి దించుకున్న ఫాంటు అయితే లైసెన్సు చదివి వాడండి.

బోల్డ్ లేని ఫాంటుకి బలవంతంగా బోల్డ్ బటన్ నొక్కొద్దు. సాఫ్ట్‌వేర్ గీతలన్నిటినీ గుడ్డిగా లావు చేస్తుంది, అక్షరాల లోపలి ఖాళీ పూడిపోతుంది. తెలుగులో ‘ద’కీ ‘ధ’కీ, ‘ప’కీ ‘ఫ’కీ తేడా ఒక చిన్న గీతే. ‘ప’కీ ‘వ’కీ తేడా తలకట్టు అంటుకుందా లేదా అన్నదే. ఆ ఖాళీ పూడిందంటే పేరే మారిపోతుంది. ఇటాలిక్ బటన్ కూడా అంతే, గుండ్రటి అక్షరాలు పక్కకి ఒరిగిపోయినట్టు కనిపిస్తాయి.

ఇప్పుడు విరిగిన వత్తులు. ‘క్ష’ బదులు ‘క్’, ‘ష’ విడివిడిగా కనిపిస్తే సాఫ్ట్‌వేర్ తెలుగు అక్షరాలని కలపలేకపోతోందని అర్థం. ఫొటోషాప్‌లో అయితే టెక్స్ట్‌ని సెలెక్ట్ చేసి పేరాగ్రాఫ్ ప్యానెల్ మెనూలో వరల్డ్-రెడీ అనే ఆప్షన్ కనిపిస్తే ఎంచుకోండి. గింప్, ఇంక్‌స్కేప్ అనే బొమ్మల సాఫ్ట్‌వేర్లు ఏ సెట్టింగూ లేకుండానే సరిగ్గా కలుపుతాయి. ఏదో ఒక ఫోన్ యాప్‌లో ఎంతకీ కలవకపోతే దానితో కుస్తీ పట్టకండి. పేరు ఒక్కటీ సరిగ్గా కలిపే చోట టైప్ చేసి, పారదర్శక నేపథ్యంతో పీఎన్‌జీగా తీసుకెళ్లి అతికించండి. అను లాంటి పాత ఫాంట్లు యూనికోడ్ (ఇప్పుడు ఫోన్లలో, నెట్‌లో అందరూ వాడే అక్షరాల కోడ్) కావు. వాటిలో మామూలు తెలుగు పేస్ట్ చేస్తే గడులో, పిచ్చి గుర్తులో వస్తాయి. అది ఫాంటు పాడవడం కాదు, కోడ్ వేరు.

దీనికి ఉల్టా ఇబ్బంది ఇంకోటుంది. ‘ఫేస్‌బుక్’ లాంటి మాటలో ‘స్’ కింద ‘బ’ వత్తు చేరి ‘ఫేస్బుక్’ అయిపోతుంది. ‘స్’ తర్వాత జీరో విడ్త్ నాన్ జాయినర్, అంటే కంటికి కనబడకుండా అక్షరాలని కలవనివ్వని గుర్తు, పెడితే విడిగా నిలుస్తుంది. కొన్ని తెలుగు కీబోర్డుల్లో దీనికి మీట ఉంటుంది. లేకపోతే సరిగ్గా ఉన్న మాటని ఎక్కడి నుంచైనా కాపీ చేసుకోండి.

అవుట్‌లైన్ పెడితే లోపల గీతలు రావడానికి కారణం ఇది: చాలా ఫాంట్లలో ఒక అక్షరం కొన్ని ముక్కలుగా ఉంటుంది, అంటే మూల అక్షరం, గుణింతం గుర్తు, వత్తు. అవి ఒకదాని మీద ఒకటి కొద్దిగా ఎక్కి ఉంటాయి. స్ట్రోక్, అంటే అవుట్‌లైన్ గీత, ప్రతి ముక్క చుట్టూ విడిగా పడేసరికి అతుకుల దగ్గర గీతలు తేలతాయి. ఇంక్‌స్కేప్‌లో పాత్ మెనూలో ఆబ్జెక్ట్ టు పాత్ చేసి, గ్రూప్ విడగొట్టి, యూనియన్ కొట్టాక స్ట్రోక్ ఇవ్వండి. గింప్‌లో ఇంకా సులువు. టెక్స్ట్ లేయర్ మీద ఆల్ఫా టు సెలెక్షన్, తర్వాత గ్రో 5 పిక్సెళ్లు, టెక్స్ట్ కింద కొత్త లేయర్ పెట్టి ఆ సెలెక్షన్‌ని రంగుతో నింపండి. గీత బయటికే పెరుగుతుంది, అక్షరం తన మందం కోల్పోదు. ముక్కల వల్లే లెటర్ స్పేసింగ్ కూడా ప్రమాదం, కొన్ని సాఫ్ట్‌వేర్లలో వత్తు తన అక్షరాన్ని వదిలి పక్కకి జరుగుతుంది. ఆ స్పేసింగ్‌ని 0లోనే ఉంచండి.

ఇక సైజు. కథలు పెట్టే సైటు వాట్‌ప్యాడ్‌లో కవర్ 512 × 800 పిక్సెళ్లు. దాన్ని 20 శాతానికి కుదిస్తే 102 × 160 అవుతుంది, జాబితాలో పాఠకుడి కంటపడేది దాదాపు ఆ పరిమాణమే. 512 వెడల్పు కవర్‌లో అక్షరం ఒళ్లు, అంటే వత్తులు, గుళ్లు వదిలేసి, కనీసం 60 పిక్సెళ్ల ఎత్తుంటే కుదించాక 12 మిగులుతుంది. అంతకంటే తగ్గితే ‘ధ’లో గీత మాయమవుతుంది. ఉపశీర్షికలు, ట్యాగ్‌లైన్లు ఈ పరీక్షలో ఎలాగూ పోతాయి. వాటిని కవర్ మీద పెట్టకుండా కథ పరిచయంలో రాసుకోవడం మేలు. కథ పైన పెట్టే అడ్డ బ్యానర్‌కి 1200 × 400 బాగుంటుంది. 360 వెడల్పున్న ఫోన్ తెర మీద అది 30 శాతానికి దిగుతుంది, కాబట్టి 40 పిక్సెళ్ల అక్షరం 12 అవుతుంది. ఆ లెక్కతోనే అన్నీ కొలుచుకోండి. పని చేసేటప్పుడు కాన్వాస్ రెట్టింపు పెట్టుకుని, చివర్లో తగ్గించండి.

అక్షరం కుదిరాక బొమ్మ. టైటిల్ పడే చోట వివరాలు తక్కువగా ఉన్న ఫొటో వెతకండి, ఆకాశం, గోడ, చీకటి మూల ఏదైనా సరే. గజిబిజి బొమ్మే కావాలంటే టైటిల్ వైపు నలుపు నుంచి పారదర్శకానికి దిగే గ్రేడియంట్‌ని 50 శాతం ఒపాసిటీతో (సగం గాఢతతో) వేయండి. షాడో గట్టి అంచుతో వేస్తే అక్షరం రెండుగా కనిపిస్తుంది. ఆఫ్‌సెట్ (నీడ జరిగే దూరం) 3 పిక్సెళ్లు, బ్లర్ 15 పిక్సెళ్లు, ఒపాసిటీ 60 శాతం దగ్గర మొదలుపెట్టండి. రంగు ఆ ఫొటోలోంచే ఐడ్రాపర్‌తో తీసి, బాగా లేత చేసి టైటిల్‌కి ఇవ్వండి. అప్పుడు పేరు బొమ్మలో కలిసిపోకుండానే దానికి చెందినట్టుంటుంది. నేపథ్యంతో కాంట్రాస్ట్ (వెలుగులో తేడా చెప్పే నిష్పత్తి) పెద్ద అక్షరాలకి కనీసం 3:1, చిన్నవాటికి 4.5:1 ఉండాలి.

మూల కథ అసలు లోగోని దించేయడం నాకు ఇష్టం లేదు. ఆ ప్రపంచం రంగులు, ఒక వస్తువు, ఒక నీడ చాలు, అభిమానులు ఇట్టే పోల్చుకుంటారు. ఇంకొకరు గీసిన ఫ్యాన్ ఆర్ట్ అయితే అడిగి, ఒప్పుకుంటేనే వాడండి, పేరు వేయండి. పేరు వేసినంత మాత్రాన అనుమతి ఉన్నట్టు కాదు.

సేవ్ చేసేటప్పుడు కలర్ మోడ్ ఆర్‌జీబీలో (తెరల కోసం వాడే రంగుల పద్ధతి) ఉందో లేదో చూడండి. జేపెగ్‌లో ఎరుపు అక్షరాల అంచులు మసకబారితే క్వాలిటీ పెంచడం ఒక్కటే చాలదు, ఎక్స్‌పోర్ట్ ఆప్షన్లలో సబ్‌శాంప్లింగ్ (రంగు వివరాలు ఎంత తగ్గించాలో చెప్పే సెట్టింగు) 4:4:4 పెట్టండి లేదా పీఎన్‌జీ వాడండి. ఫ్యాన్ ఫిక్షన్ పెట్టే ఆర్కైవ్ ఆఫ్ అవర్ ఓన్ సైటు బొమ్మలని తన దగ్గర దాచదు. వేరే చోట అప్‌లోడ్ చేసి, బొమ్మ ఫైలు నేరు లింకునే ఇమేజ్ ట్యాగ్‌లో ఇవ్వాలి. బొమ్మ ఉన్న పేజీ లింకు ఇస్తే ఖాళీ గడే కనిపిస్తుంది. వెడల్పు 100 శాతం అని రాస్తే ఫోన్‌లో పక్కకి పొర్లదు. ఆల్ట్ టెక్స్ట్‌లో (బొమ్మ బదులు వినిపించే మాట) కథ పేరు తప్పకుండా రాయండి, స్క్రీన్ రీడర్‌తో చదివేవాళ్లకి బ్యానర్ అంటే ఆ ఒక్క మాటే.

సీన్ల మధ్య పెట్టే గీతలు, గుర్తులు పారదర్శక పీఎన్‌జీలో చేసుకోండి, నలుపులో మాత్రం కాదు. డార్క్ థీమ్‌లో నల్లవి కనిపించవు. 808080 అనే కోడ్ ఉన్న నడిమి బూడిద రంగు తెలుపు మీదా నలుపు మీదా 3:1 కాంట్రాస్ట్ దాటుతుంది, రెండు థీముల్లోనూ కనబడుతుంది.