పీరియడ్స్ వాయిదా మాత్రలు చిన్నమ్మ ఇచ్చింది, వేసుకోవచ్చా?

ప్రశ్న: మేడం, మాది ప్రొద్దుటూరు, డిగ్రీ చదువుతున్నా, నాకు 19. సంక్రాంతికి ఒకసారి, మా అక్క పెండ్లికి ఒకసారి డేట్ అడ్డమొస్తాదని మా చిన్నమ్మ మెడికల్ షాపులో మాత్రలు తెచ్చిచ్చింది, వేసుకున్నా. ఇప్పుడు ఒంటిమిట్ట కల్యాణానికి పోవాల, మళ్లా వేసుకోమంటాంది. పోయినసారి మాత్రలు ఆపినాక బ్లీడింగ్ బాగా ఎక్కువైంది, ఆ తర్వాత 50 రోజులకు గానీ పీరియడ్ రాలా. అప్పుడప్పుడు కండ్ల ముందర మెరుపుల మాదిరి వంకర గీతలు కనపడి కాసేపటికి సగం తల నొప్పి మొదలైతాది. ఇవి వేసుకుంటే పిల్లలు పుట్టరని ఫ్రెండ్స్ అంటాండారు, నిజమేనా?

జవాబు: పిల్లల గురించి భయం వదిలెయ్ తల్లీ, ఈ మాత్రల వల్ల గర్భసంచి పాడవదు, ఆపేశాక వాటి ప్రభావం పోతుంది. నాకు బెంగ పట్టింది నువ్వు చివర్లో రాసిన ఆ మెరుపుల మాట చూసి. మైగ్రేన్‌లో ఇలా ముందు కంటికి గీతలు కనపడి తర్వాత తలనొప్పి వచ్చే రకం ఉంది, ఆ గీతల్ని ఆరా అంటాం. షాపుల్లో ఇచ్చేది ఎక్కువగా నోరెథిస్టెరోన్ 5 ఎంజీ, డేట్‌కి 3 రోజుల ముందు నుంచి రోజుకు 3 సార్లు వేస్తారు, అందులో కొంత ఒంట్లోకి పోయాక ఈస్ట్రోజెన్ అనే ఆడ హార్మోన్‌గా మారుతుంది, ఆరా ఉన్నవాళ్లకి ఈస్ట్రోజెన్ పడితే మెదడు రక్తనాళాల్లో రక్తం గడ్డ కట్టే రిస్క్ పెరుగుతుంది. నీ వయసులో అది అరుదే, అయినా డాక్టర్ చూసేదాకా ఈ మాత్ర ముట్టుకోవద్దు. నీకు సరిపడే వేరే మందు ఉందేమో వాళ్లు చెబుతారు.

ఇంతకుముందు కాల్లోనో ఊపిరితిత్తుల్లోనో రక్తం గడ్డ కట్టినవాళ్లు, లివర్ జబ్బు ఉన్నవాళ్లు, గర్భం ఉందేమోనని డౌట్ ఉన్నవాళ్లు కూడా వాడకూడదు. ఇవేవీ అడగకుండా కౌంటర్ మీద స్ట్రిప్ పెట్టి పంపిస్తున్నారంటే నాకు నిజంగా కోపం వస్తుంది. స్ట్రిప్ మీద నిలువుగా ఎర్ర గీత ఉంటే అది డాక్టర్ చీటీతో వాడాల్సిన మందని గుర్తు. ఇంకోటి, ఇది గర్భం రాకుండా ఆపే మాత్ర కాదు, కొందరు అలా అనుకుని మోసపోతున్నారు.

మాత్రలు ఆపిన 2, 3 రోజులకి పీరియడ్ రావడం మామూలే, ఒక్కోసారి కాస్త ఎక్కువ కూడా అవుతుంది. ఆ 50 రోజుల గ్యాప్ మాత్రం వదిలెయ్యకు. అది ఒక్కసారే అయితే భయం లేదు, కానీ మామూలుగానే 35 రోజులు దాటిపోతుంటే థైరాయిడ్, పీసీఓఎస్ (హార్మోన్ల తేడాతో పీరియడ్స్ తప్పే సమస్య) ఉన్నాయేమో చూపించుకోవాలి, బ్లీడింగ్ ఎక్కువైంది కాబట్టి హిమోగ్లోబిన్ కూడా. ప్రొద్దుటూరు జిల్లా ఆసుపత్రిలో గాని కడప రిమ్స్‌లో గాని గైనిక్ ఓపీకి పో, నీ డేట్లు, వాడిన మాత్ర స్ట్రిప్ తీసుకుపో, తలనొప్పి సంగతి దాచకుండా చెప్పు.

చిన్నమ్మ నీ మీద ప్రేమతోనే తెచ్చింది, ఆమెతో గొడవెందుకు. కల్యాణానికి పోవాలా వద్దా అనేది మీ ఇంటి మాట, నేను అందులోకి రాను, కానీ మాత్ర వేసుకోవాలా వద్దా అనేది నీ మాట. "నాకు ఈ తలనొప్పికి ఇది పడదంట చిన్నమ్మా, డాక్టర్‌కి చూపించుకుందాం రా" అని ఆమెనే తోడు తీసుకుపో. ఎప్పుడైనా ఒక్క కాలి పిక్క వాచి నొప్పిగా ఉన్నా, ఆయాసం, ఛాతీ నొప్పి వచ్చినా, మాట తడబడినా ఇంట్లో ఏమనుకుంటారో అని ఆగకుండా వెంటనే 108కి ఫోన్ చెయ్.