ఇంజన్ పోయిందని ఒప్పుకునే ముందు

చి. శ్రీనుకి,

మామయ్య ఆశీస్సులు.

అరకు వెళ్ళే అనంతగిరి ఘాట్‌లో నీ మారుతి ఓమ్నీ వ్యాన్ వేడెక్కి ఆగిపోయిందని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. బండిని క్యారియర్ మీద గాజువాక ఆటోనగర్‌కి తెచ్చావట. అక్కడి మెకానిక్ స్టార్టర్ ఒకసారి కొట్టి చూసి, "సీజ్ అయింది, లోపల బిగుసుకుపోయింది, పాత ఇంజన్ ఒకటి తెచ్చి వేసేద్దాం" అన్నాడట. కేటరింగ్ ఆర్డర్లు ఆగిపోయాయన్న టెన్షన్‌లో నువ్వూ సరే అనేలా ఉన్నావట. ఇప్పుడే అనకు. చివరికి ఇంజన్ మార్చాల్సే రావచ్చు, కాదనను. కానీ ఏది పోయిందో, ఎందుకు పోయిందో తేలకుండా మారిస్తే వచ్చే ఇంజన్ కూడా అదే ఘాట్‌లో పోతుంది. రేడియేటరు, ఫ్యాను, పైపులు పాతవే ఉంటాయి కదరా.

ముందు ఆ 'సీజ్' సంగతి తేల్చు. అది తేలేదాకా స్టార్టర్ మళ్ళీ కొట్టనివ్వకు. సిలిండర్‌లోకి నీళ్ళు చేరి ఉంటే పిస్టన్ వాటిని నొక్కలేదు, బలవంతం చేస్తే పిస్టన్‌ని కదిపే కనెక్టింగ్ రాడ్ వంగుతుంది. ఓమ్నీ ఇంజన్ ముందు సీటు కిందే ఉంటుంది కాబట్టి చూడడం కష్టం కాదు. మూడు స్పార్క్ ప్లగ్గులూ విప్పించి, గేరు న్యూట్రల్‌లో పెట్టి, క్రాంక్ పుల్లీ (ఇంజన్ ప్రధాన ఇరుసు అయిన క్రాంక్ చివర ఉండే చక్రం) బోల్టుకి స్పానర్ వేసి చేత్తో నెమ్మదిగా తిప్పమను. రెండు చుట్లు ఎక్కడా పట్టకుండా తిరిగితే ఇంజన్ సీజ్ కానట్టే. ఇంతకుముందు తిరగనిది ఇప్పుడు తిరిగిందంటే లోపల నీళ్ళైనా ఉండాలి, లేదా స్టార్టర్ మోటారో బ్యాటరీయో చచ్చి ఉండాలి. ఈ రెండో రకం బళ్ళకి కూడా ఇంజన్ దింపేసిన షెడ్లు ఉన్నాయి.

చేత్తో తిరిగితే, ఇగ్నిషన్ కాయిల్ కనెక్టరూ ఇంజెక్టర్ల కనెక్టర్లూ పీకించి, ప్లగ్గులు లేకుండానే స్టార్టర్ కొట్టించు. ప్లగ్ రంధ్రాల వైపు మొహం పెట్టకు. ఏ రంధ్రంలోంచి నీళ్ళు చిమ్మితే నీ సమస్య ఆ సిలిండర్ దగ్గరే. విప్పిన ప్లగ్గులు కూడా పారేయకుండా వరసగా పెట్టి చూడు. రెండు గోధుమరంగులో ఉండి ఒకటి మాత్రం కడిగినట్టు తళతళలాడుతుంటే, ఆ సిలిండర్‌లో కూలెంట్ (ఇంజన్‌ని చల్లబరిచే నీళ్ళు) ఆవిరై దాన్ని శుభ్రం చేసిందన్నమాట. ఆయిల్ పోసే మూత తీసి లోపలికి తొంగి చూడు. క్రాంక్ తిరుగుతున్నా పైన క్యామ్ (వాల్వుల్ని తెరిచే ఇరుసు) కదలకపోతే ఆ రెంటినీ కలిపే టైమింగ్ బెల్ట్ తెగినట్టు.

తర్వాత కంప్రెషన్ గేజ్, అంటే సిలిండర్‌లో పిస్టన్ నొక్కే ఒత్తిడిని కొలిచేది. అది లేని షెడ్డయితే బండిని అక్కడ ఉంచకు. మూడు సిలిండర్ల అంకెలూ కాగితం మీద రాయించుకో. వాటి మధ్య తేడా పది శాతం లోపు ఉంటే మంచిది. పక్కపక్కనున్న రెండు కలిసి పడిపోతే ఆ రెంటి మధ్య హెడ్ గ్యాస్కెట్ (సిలిండర్ల పైమూత హెడ్డుకీ కింది బ్లాకుకీ మధ్య ఉండే పలచటి షీటు) కాలిందని దాదాపు నమ్మవచ్చు. ఒక్కటే తక్కువుంటే అందులో ఒక చెంచా ఇంజన్ ఆయిల్ పోసి మళ్ళీ కొలవమను. అంకె పెరిగితే పిస్టన్ రింగులు గానీ బోరు (సిలిండర్ లోపలి గోడ) గానీ అరిగినట్టు. పెరగకపోతే వాల్వులు గానీ గ్యాస్కెట్ గానీ.

ఆయిల్ మూత కింద తెల్లటి నురగ చూపించి "నీళ్ళు కలిసిపోయాయి" అని బెదిరించవచ్చు. దగ్గర దగ్గర ట్రిప్పులు తిరిగే బండికి మన విశాఖ తేమలో ఆ నురగ మామూలుగానే పడుతుంది. ఆయిల్ ఎంతుందో కొలిచే డిప్‌స్టిక్ తీసి చూడు. దానికంటిన ఆయిల్ కూడా పాలు కలిపిన టీలా ఉంటేనే భయపడు. అప్పుడు ఆయిల్ దింపించి, తెల్ల గుడ్డలో వడకట్టి వెలుతురులో చూడు. మెరిసే లోహపు పొడి కనిపిస్తే బేరింగులు అరిగినట్టే. ఇంజన్ మార్పు మాట అప్పుడు మాట్లాడుకోవచ్చు. అలాంటిదేమీ లేకపోతే నీది చాలావరకు హెడ్డు పనే.

హెడ్డు విప్పాక మాత్రం నువ్వు అక్కడ ఉండాలి. ఓమ్నీ హెడ్డు అల్యూమినియం, కింద బ్లాకు పోత ఇనుము. వేడెక్కినప్పుడు ముందు వంగేది హెడ్డే. స్టీలు పట్టీ పెట్టి, కింద సందు కొలిచే ఫీలర్ గేజ్ దూర్చి, పొడవునా, అడ్డంగా, ఐమూలగా కొలవాలి. చేత్తో తడిమి "బాగానే ఉంది" అంటే ఒప్పుకోకు. వంగి ఉంటే లేత్ షాపులో ఫేసింగ్ చేస్తారు, అంటే చదునుగా చెక్కుతారు. దానికన్నా ముందు ప్రెషర్ టెస్ట్ చేయించి పగుళ్ళు చూడమను. పగిలిన హెడ్డుకి ఫేసింగ్ చేయిస్తే ఆ డబ్బు వృథా. మరీ లోతుగా చెక్కినా కంప్రెషన్ పెరిగి ఇంజన్ టకటకమని కొట్టుకుంటుంది, కాబట్టి ఎంత తీశారో చీటీ మీద రాయించుకో. పక్కన నిలబడి అడుగుతుంటే లేత్ వాళ్ళకి విసుగొస్తుంది, రానీ. బోరు గోడ మీద గోరుతో గీసి చూడు. గోరుకి తగులుకునేంత గీత ఉంటేనే బోరింగ్ (బోరును కాస్త పెద్దదిగా చెక్కడం), ఓవర్‌సైజ్ పిస్టన్లు. లేకపోతే "ఎలాగూ విప్పాం కదా" అనే మాటకి పడిపోకు. ఆ మాట చెప్పుకోదగ్గది టైమింగ్ బెల్ట్, వాటర్ పంపు విషయంలోనే, ఆ రెండూ వేయించు.

బిగించడం గురించి నీకు ఒక్కటే చెబుతాను. హెడ్డు బోల్టులు మధ్య నుంచి బయటికి, విడతలుగా, ఎంత బలంతో బిగిస్తున్నారో చూపే టార్క్ రెంచ్‌తోనే బిగించాలి.

అసలు కారణానికి వద్దాం. ఎస్.కోట (శృంగవరపుకోట) దాటాక ఎక్కే రోడ్డులో బండి సెకండ్ గేరులో మెల్లగా పోతుంది, గాలి తగలదు. రేడియేటర్ ఫ్యాన్ తిరగకపోతే ఇంక దిక్కు లేదు. నీ బండి రాత్రంతా బీచ్ రోడ్డు పక్కన ఉప్పుగాలిలో ఉంటుంది. ఫ్యాన్ స్విచ్ కనెక్టరు, ఎర్త్ వైరు పచ్చగా చిలుము పట్టాయేమో చూడు. రేడియేటర్ రెక్కలు వేలితో ముట్టుకుంటే పొడిలా రాలుతుంటే అది మార్చాల్సిందే. థర్మోస్టాట్ (వేడెక్కాకే కూలెంట్‌ని రేడియేటర్‌కి వదిలే వాల్వు) తీసేసి నడుపుకోమని ఎవరైనా అంటే వినకు. దాన్ని వేడినీళ్ళ గిన్నెలో వేలాడదీసి థర్మామీటర్ పెట్టు. దాని మీద 82 అని ఉంటే ఆ వేడి దగ్గర తెరుచుకోవడం మొదలవ్వాలి. బోరు నీళ్ళు పొయ్యకు, లోపల సున్నం కట్టేస్తుంది. కూలెంట్, డిస్టిల్డ్ వాటర్ సగం సగం పోసి, గాలి బుడగలు రావడం పూర్తిగా ఆగేదాకా ఓపిక పట్టు.

ఇంజన్ వేడి చూపే మీటర్ ముల్లు కిందికే ఉందని నువ్వు ఘాట్‌లో బండి ఆపలేదట. నీళ్ళు పూర్తిగా అయిపోతే సెన్సర్ చుట్టూ మిగిలేది ఆవిరే, ముల్లు దిగిపోవచ్చు. ఎక్కిన ముల్లు ఉన్నట్టుండి దిగినా, హీటర్‌లో చల్లగాలి వచ్చినా అక్కడే ఆపెయ్. మూత మాత్రం చల్లారాకే తియ్.

బండి స్టార్ట్ అయ్యాక ఒక చిన్న ట్రిప్పు వేసి ఆయిల్ మార్చెయ్, మూలల్లో మిగిలిన నీళ్ళు దాంతో పోతాయి. మొదటి పరీక్షకి అరకు వద్దు. సింహాచలం కొండెక్కి రా. మర్నాడు ఉదయం ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు కూలెంట్ ఎంతుందో చూడు. తగ్గిందంటే ఇంకా ఎక్కడో పోతోంది.

అన్నీ చూశాక ఇంజనే మార్చాల్సి వస్తే, స్క్రాప్ నుంచి తెచ్చే ఇంజన్‌కి బిల్లు తప్పకుండా తీసుకో. దాని నంబరు ఆర్.సి.లో ఎక్కించాలి, ఆర్టీవో ఆఫీసుకి చెప్పకుండా నడిపితే ఇన్సూరెన్స్ క్లెయిమ్ దగ్గర ఇరుక్కుంటావు. నీది 2009 బండి, పదిహేనేళ్ళు నిండి ఐదేళ్ళకి రెన్యువల్ అయింది. ఆ ఐదేళ్ళలో ఇంకా ఎన్ని మిగిలాయో చూసుకుని ఖర్చుకి దిగు. ఎస్టిమేట్‌లో స్పేర్లు వేరు, కూలి వేరు రాయించి, ఆ కాగితం ఫోటో నాకు పంపు. కంప్రెషన్ అంకెలు రాసిన చీటీ కూడా.

ఇట్లు,
మీ మామయ్య