వాన వెలిశాక వెళ్లి చూడు

అమ్మలూ,

ఆ లేఅవుట్‌లో వాననీటి ఏర్పాట్లన్నీ ఇకనుంచి నువ్వే చూసుకుంటావని మీ నాన్న ఫోన్‌లో చెప్పాడు. సంతోషంతో ఛాతీ ఉప్పొంగింది, రాత్రికి నిద్ర మాత్రం పట్టలేదు. కట్టేటప్పుడు పదిమంది ఉంటారు. కాంట్రాక్టరు వెళ్లిపోయాక అడిగేవాడే ఉండడు.

జాలీలో ఆకులూ కవర్లూ తీయించడం నీకు చెప్పక్కర్లేదు. కట్టినదాన్ని కట్టినట్టు చూపించే డ్రాయింగులు ఇప్పుడే అడిగి తీసుకో. గట్టు మీద చెట్లు మొలవనివ్వకు, వేళ్ల వెంటే నీళ్లు దారి చేసుకుంటాయి.

నేను చేసిన తప్పు చెబుతాను. ఒక ఇంకుడు కుంట తవ్వించి, అడుగున ఇసుక పరిపించాను. పైనున్న స్థలాల్లో గడ్డి ఇంకా పట్టలేదు, మట్టి బోసిగా ఉంది. గడ్డి పట్టేదాకా కుంటలోకి నీళ్లు వదలొద్దని ముసలి మేస్త్రీ బతిమాలాడు. నేను వినలేదు. మొదటి రెండు వానలకే ఎర్రనీళ్లు దిగాయి. వారం తర్వాత చూస్తే మోకాలి లోతు నీళ్లు, అందులో దోమపిల్లలు. ఈ నేలే నీళ్లు తాగదని కాగితం మీద రాసేశాను. మేస్త్రీ ఏమీ అనలేదు. నీళ్లు తోడించి, పార నా చేతికిచ్చాడు. గీకితే పాల మీద మీగడలా బంకమట్టి పొర లేచింది, వేలి మందం కూడా లేదు. దాని కింద ఇసుక పొడిపొడిగా నా వేళ్ల సందుల్లోంచి రాలిపోయింది. నేలకు దాహం ఉంది, మూత వేసింది నేను. ఆయనకు క్షమాపణ చెప్పేలోపు వేరే పనికి వెళ్లిపోయాడు.

అందుకే వాన వెలిశాక నువ్వే వెళ్లి చూడు. నీళ్లు ఎక్కడిదాకా ఉన్నాయో గీత పెట్టి రాసుకో. 72 గంటలైనా ఇంకకపోతే అడుగు మూసుకుపోతోందన్నమాట. పొర ఎండి పెచ్చులు లేచాక పారలతో గీకించు. ప్రొక్లెయినర్ మాత్రం దింపకు, దాని బరువుకు నేల అణిగిపోతుంది.

ఇంకొకటి, ఇది ఒట్టేసి చెప్పు. మ్యాన్‌హోల్‌లోకి నువ్వు దిగకు, ఎవర్నీ దిగమనకు. వాసన రావట్లేదు కదా అని ఎవరైనా అంటే నమ్మకు. మురుగులో పుట్టే విషవాయువు హైడ్రోజన్ సల్ఫైడ్ ఎక్కువైతే ముక్కుకు వాసనే తెలియదు. పడిపోయినవాణ్ని లాగడానికి దిగినవాడూ పడిపోతాడు. ఆ పనికి విషవాయువును కొలిచే మీటర్లూ మనుషులూ ఉన్నవాళ్లను పిలువు. ఆలస్యమైతే కానివ్వు.

చిన్నప్పుడు వాన పడితే నీళ్లు ఎటు పోతున్నాయో చూస్తూ గుమ్మంలోనే కూర్చునేదానివి. జలుబు చేస్తుందని నేను అరిచేవాణ్ని. ఇప్పుడు అరవను. బూట్లు వేసుకుని వెళ్లు, తిరిగొచ్చాక ఒక్కసారి ఫోన్ చెయ్యి.

మీ పెదనాన్న